కేకు మీది ఏనుగు ఖరీదెంత?

పిల్లలూ! పుట్టినరోజు కేకు మీరంతా చూసే ఉంటారు. దాని మీద గులాబీపూలో, రైలుబండో, ఏనుగో ఉండటం కూడా చూసి ఉంటారు. కేకు కోసేటప్పుడు ఆ ఏనుగు ఎవరికి రావాలా అని పోట్లాడుకునే ఉంటారు. అయితే ఆ ఏనుగు ఖరీదెంతో ఎప్పుడైనా ఆలోచించారా?

"ఏముంది? గుప్పెడు చక్కెర ముద్ద. పదో పదిహేనో రూపాయలుంటుంది" అంటారు మీరు. మా వదిన కూడా ఏడాదిపాటు అట్లాగే అనుకున్నది. అందువల్ల ఆమెకు ఏం జరిగిందో, ఆ సంగతి ఎవరు కనిపెట్టారో చెబుతాను, వినండి. ఇందులో కొన్ని లెక్కలున్నాయి. భయపడనక్కర్లేదు. ఏడో తరగతి చదివేవాళ్ళకు అన్నీ వచ్చిన లెక్కలే.

మా అన్నయ్య వాళ్ళుండేది రాజమండ్రిలో. మా వదిన చేతిలో మంచి నేర్పున్నది. సంక్రాంతికి ఆమె వేసిన ముగ్గు చూడటానికి పక్క వీధివాళ్ళు కూడా వస్తారు. ఒకసారి కూతురు పుట్టినరోజుకు ఆమె ఇంట్లోనే కేకు చేసి, దాని మీద నెమలిని కూర్చోబెట్టింది. ఆ అమ్మాయిని ఇంట్లో అందరం అమ్మడు అంటాం. నెమలిని చూసి అమ్మడి స్నేహితురాలి తల్లి, "మా వాడి పుట్టినరోజుకు కూడా ఇట్లాంటిది చేసిపెట్టరూ? ఊరికే వద్దులెండి, డబ్బు తీసుకోండి" అన్నది. అట్లా మొదలైంది. ఆరు నెలలు తిరిగేసరికి వారానికి రెండు మూడు కేకులు చెయ్యవలసి వచ్చింది. తిండి వస్తువు అమ్మేవాళ్ళు, ఇంట్లో చేసి అమ్మినా సరే, ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అనే ప్రభుత్వ సంస్థ వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. వదిన ఆ పని చేయించుకుని, తనకిచ్చిన పధ్నాలుగు అంకెల సంఖ్యను కేకు పెట్టె మీద అంటించటం మొదలుపెట్టింది.

అన్నీ పద్ధతిగా చేసిన మనిషి ఒక్క ధర దగ్గరే తడబడింది. బజారులో కిలో కేకు 600 రూపాయలని తెలుసుకుని తనూ 600 అన్నది. "ఇంట్లో చేసింది కదా! అంగడివాళ్ళకంటె ఎక్కువ ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం?" అని ఆమె ఉద్దేశం. ఉత్త కేకయినా 600, ఏనుగున్నా 600.

డబ్బు వంటింట్లో ఒక డబ్బాలో వేసేది. కూరలకు చిల్లర లేకపోతే ఆ డబ్బాలోంచి తీసేది. వెన్న నిండుకుంటే ఇంటి ఖర్చు డబ్బులోంచి కొనేది. ఈ చేతి డబ్బు ఆ చేతికీ, ఆ చేతిది ఈ చేతికీ పోతుంటే ఎవరికి మాత్రం ఏం తెలుస్తుంది? ఏడాది గడిచాక గుడ్లు గిలక్కొట్టే మిషను ఒకటి కొందామని డబ్బా బోర్లిస్తే ఏడు వందల చిల్లర కనిపించింది. నూరు కేకులకు పైగా చేసింది మరి!

మా అన్నయ్య మంచివాడే. కాని ఆ రాత్రి, "ఇంత అవస్థ పడి ఏం లాభం? హాయిగా మానెయ్యరాదూ?" అన్నాడు. వదిన మాట్లాడలేదు. ఆదివారానికి ఒప్పుకున్న ఏనుగు కేకు ఒకటి మిగిలి ఉన్నది. అది చేసి ఇచ్చేసి, ఇక ఓవెన్ తుడిచి అటక ఎక్కించాలని నిశ్చయించుకున్నది.

అప్పుడు అమ్మడు, "మానెయ్యి గాని అమ్మా, ముందు లెక్క వేసి తరవాత మానెయ్యి" అన్నది. పాత నోటు పుస్తకం ఒకటి తెచ్చి, తల్లి వెంటబడి తిరిగింది. ఆ పుస్తకం నేను చూశాను. అందులో ఉన్నది ఇదీ. (ధరలు వాళ్ళ వీధి అంగట్లో ఆ నెలలో ఉన్నవి. మీ ఊళ్ళో వేరుగా ఉండవచ్చు.)

మైదా 200 గ్రాములు, 10 రూపాయలు. చక్కెర 9. నాలుగు గుడ్లు 28. వెన్న 150 గ్రాములు, 90. కోకో పొడి 40. పాలు, బేకింగ్ పౌడరు, వెనిల్లా కలిసి 15. పైన పూసే క్రీము 80. ఏనుగూ, దాని కింద గడ్డీ చెయ్యటానికి చక్కెర ముద్ద పావుకిలో, 80. దాన్నే ఫాండెంట్ అంటారు. రంగులు 15. కేకు కింది అట్ట, పెట్టె, కొవ్వొత్తి, ప్లాస్టిక్ చాకు కలిసి 60. ఇంతవరకు 427.

తరవాత కరెంటు. ఓవెన్ మీద 1500 వాట్లు అని రాసి ఉన్నది. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ కాలుతుందని మీరు చదివే ఉంటారు. కాబట్టి గంటకు ఒకటిన్నర యూనిట్లు కావాలి. కాని ఓవెన్ తగినంత వేడెక్కగానే దానంతట అదే ఆగి, చల్లారగానే మళ్ళీ వెలుగుతుంది గనక నిజానికి అంతకంటె తక్కువే అవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన ఖర్చు కూడా కలిపి అమ్మడు 15 రూపాయలు వేసింది. మొత్తం 442.

"600 లోంచి 442 పోతే 158 మిగిలింది. ఫరవాలేదే!" అన్నది వదిన.

"ఇంకా అవలేదమ్మా" అన్నది అమ్మడు.

ఓవెన్‌ను 12,000 పెట్టి కొన్నారు. అది కలకాలం ఉండదు. ఆరు వందల కేకులు కాల్చాక పాడవుతుందనుకుంటే, ఒక్కొక్క కేకూ ఓవెన్‌లో 20 రూపాయలంత తినేస్తున్నదన్నమాట. అది ఇవ్వాళ కనిపించని ఖర్చు. ఓవెన్ పాడైననాడు ఒక్కసారిగా కనిపిస్తుంది.

మరొకటి. ఎంత నేర్పున్నవాళ్ళకయినా ఇరవైలో ఒకటి చెడిపోతుంది. ఎందుకంటే కేకు పని చేతి పనే గాక వాతావరణంతో పని కూడా. గిలక్కొట్టిన క్రీము అంటే ఏమిటి? కోట్ల కొద్దీ గాలిబుడగలు. వాటి చుట్టూ కొవ్వు కణాలు గోడ కట్టి నిలబెడతాయి. మే నెలలో రాజమండ్రి ఎండకు ఆ కొవ్వు మెత్తబడిందంటే గోడ కూలి, బుడగలు పోయి, పువ్వు నీరుగారిపోతుంది. అందుకే కేకు పూర్తిగా చల్లారకముందు క్రీము పూయకూడదు. తొందరపడితే కొంప మునుగుతుంది. ఇక చక్కెరకు తేమను పీల్చుకునే గుణం ఉన్నది. వానాకాలంలో బెల్లం చెమర్చటం మీరు చూడలేదూ? ఫాండెంట్ కూడా అంతే. ఒకసారి ముసురు రోజుల్లో వదిన ముందురోజే ఏనుగును చేసి ఉంచితే, తెల్లవారేసరికి దాని కాళ్ళు నాలుగూ మెత్తబడి, పాపం, పొట్ట మీద కూలబడి ఉన్నది! మళ్ళీ కొత్త ఏనుగును చేసింది. ఇట్లాంటి నష్టాన్ని ఇరవై కేకులకూ పంచితే ఒక్కొక్కదానికి 22 రూపాయలు పడ్డది.

ఆదివారంనాటి కేకును ఆరు కిలోమీటర్ల దూరం తీసుకుపోయి ఇచ్చి రావాలి. పోను రాను 12 కిలోమీటర్లు. స్కూటరు లీటరుకు 45 కిలోమీటర్లు పోతుంది. పెట్రోలు లీటరు 109. ఈ లెక్క మీరే వెయ్యండి. 29 రూపాయలు రావాలి.

20, 22, 29 కలిపితే 71. 158 లోంచి 71 పోతే మిగిలింది 87.

"సరేలే, 87 అయినా వచ్చింది కదా" అన్నది వదిన.

"ఎన్ని గంటలు పని చేశావమ్మా?" అని అడిగింది అమ్మడు.

"ఎంతసేపు? రెండు గంటలు."

అమ్మడు గడియారం చూసి రాసిపెట్టుకున్నది. సరుకులకు పోయి రావటం అరగంట. పిండి కలపటం 40 నిమిషాలు. కేకును పొరలుగా కోసి క్రీము పూయటం ఒక గంట. ఏనుగు, గడ్డి కలిసి గంటా 50 నిమిషాలు. గిన్నెలు కడగటం 40 నిమిషాలు. ఇచ్చి రావటం 50 నిమిషాలు. అంతా కలిపితే అయిదున్నర గంటలు! కేకు ఓవెన్‌లో ఉన్న ముప్పావుగంట ఇందులో కలపలేదు. "ఆ సమయంలో నేను కూర వండుకున్నాను, అది కేకువాళ్ళ మీద వెయ్యటం న్యాయం కాదు" అన్నది వదిన. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. తనకు రావలసింది అడగటం తెలియని మనిషికి కూడా, రాకూడనిది ఏదో మటుకు వెంటనే తెలిసింది.

87 రూపాయలను అయిదున్నర గంటలకు పంచితే గంటకు పదహారు రూపాయలు కూడా నిండలేదు.

అంతకు రెండు రోజుల క్రితమే వాళ్ళ ఇంటి గోడలకు రంగులు వేయించారు. వచ్చినాయనకు ఎనిమిది గంటల పనికి 800 ఇచ్చారు. అమ్మడు పెన్సిలు నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, "గోడకు రంగు వేసినాయనకు గంటకు నూరు, కేకుకు రంగు వేసిన అమ్మకు పదహారా?" అన్నది.

మా అన్నయ్య చదువుతున్న పేపరు దించాడు. ఆ ప్రశ్నకు ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

ఇట్లా ఖర్చులను విడదీసి చూడటం మా అమ్మడు కనిపెట్టిన విద్యేమీ కాదు. ఇంగ్లండులో మూడవ హెన్రీ రాజు కాలంలో, 1266 ప్రాంతంలో, రొట్టెల అమ్మకం గురించి ఒక శాసనం చేశారు. దాని ప్రకారం రొట్టె ధర మారదు, బరువు మారుతుంది. గోధుమలు చవకగా ఉంటే అదే నాణేనికి పెద్ద రొట్టె వస్తుంది. గోధుమలు ప్రియమైతే చిన్న రొట్టె. అయితే అందులో విశేషం అది కాదు. రొట్టె చేసేవాడికి గోధుమల ఖరీదు మీద ఇంకా ఏమేం రావాలో ఆ శాసనంలో రాశారు. పనివాళ్ళ కూలి, ఉప్పు, కట్టెలు, పిండి జల్లించే జల్లెడ, చివరకు వెలుతురుకు పెట్టుకునే కొవ్వొత్తి కూడా అందులో ఉన్నాయి! అవన్నీ పోగా వాడికంటూ కొంత లాభం. ఏడున్నర శతాబ్దాల క్రితం జల్లెడ అరుగుదలను కూడా మరచిపోలేదు చూడండి! తూకం తగ్గించినవాడికి శిక్షలుండేవి. డజను రొట్టెలు అడిగితే ఎందుకైనా మంచిదని 13 ఇచ్చే అలవాటు ఆ భయంతోనే వచ్చిందని చెబుతారు. ఆ శాసనం పందొమ్మిదో శతాబ్దంలో రద్దయింది.

రొట్టె లేకపోతే జనం పస్తులుంటారు గనక రాజు కలగజేసుకున్నాడు. కేకు అట్లా కాదు. అది లేనంత మాత్రాన ఎవరూ పస్తుండరు. కాబట్టి దాని ధరను చేసేవాళ్ళూ కొనేవాళ్ళూ తమలో తాము తేల్చుకోవలసిందే. అందుకే అది కొంచెం కష్టం.

మళ్ళీ మన ఏనుగు దగ్గరికి వద్దాం. సరుకు, కరెంటు 442. ఓవెన్, నష్టం, పెట్రోలు 71. అయిదున్నర గంటలకు, గోడల రంగు లెక్కనే, 550. మొత్తం 1063 రూపాయలు. అందులో ఏనుగు వాటా ఎంత? చక్కెర ముద్ద 80, రంగులు 15, గంటా 50 నిమిషాల పని 183. అంటే 278 రూపాయలు! మీరు పదో పదిహేనో అన్నారు కదూ?

అయితే బజారులో కిలో 600కు ఎట్లా ఇస్తున్నారు? వాళ్ళేమైనా మోసగాళ్ళా? కానే కాదు. వాళ్ళు మైదాను బస్తాలతో కొంటారు, ఒకేసారి పెద్ద ఓవెన్‌లో ఎన్నో కేకులు పెడతారు. ఒక మనిషి పొద్దుటినుంచి పిండే కలుపుతాడు, ఇంకొకడు క్రీమే పూస్తాడు. అందుచేత ఒక్కొక్క కేకు మీద పడే సమయం తక్కువ. అదీగాక ఆ 600 ఉత్త కేకుకు. ఏనుగు కావాలంటే వాళ్ళూ వేరే అడుగుతారు. వదిన ఏనుగును ఊరికే ఇస్తూ ఉత్త కేకు ధర తీసుకున్నది. తప్పు అక్కడ జరిగింది.

అసలు ఈ సంగతి మన గోదావరి జిల్లాలవాళ్ళకు కొత్త కాకూడదు. రాజమండ్రికి దగ్గరలోనే ఆత్రేయపురం ఉన్నది. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పూతరేకులో ఏమున్నది? కాసిని బియ్యం, కాస్త బెల్లమో చక్కెరో, కాస్త నెయ్యి. బియ్యపు పిండిని నీళ్ళలాగా పల్చగా కలిపి, అందులో గుడ్డ ముంచి, బోర్లించి కాచిన కుండ మీద ఒక్క లాగు లాగుతారు. క్షణంలో రేకు వస్తుంది. అది చినగకుండా తియ్యటంలో ఉన్నది విద్య అంతా. పూతరేకులు కొనేటప్పుడు, "బియ్యం కిలో ఇంతేగా?" అని ఎవరూ బేరమాడరు. అదే ఇంట్లో కేకు చేసే మనిషి దగ్గర మాత్రం మైదా ధర గుర్తుకొస్తుంది!

వదిన ఓవెన్‌ను అటక ఎక్కించలేదు. కొత్త ధరలు రాసుకున్నది. కొనుక్కునేవాళ్ళే వచ్చి తీసుకుపోతే, బొమ్మ లేని కిలో కేకు 670. బొమ్మ కావాలంటే దానికి వేరే, పనిని బట్టి. ఇంటికి తెచ్చి ఇవ్వాలంటే దానికి వేరే. ఇట్లా విడివిడిగా చెప్పటంలో ఒక మేలున్నది. కొనేవాళ్ళకు తాము దేనికి ఎంత ఇస్తున్నదీ తెలుస్తుంది. ఏది అక్కర్లేకపోతే అది మానుకోవచ్చు.

మొదటి నెలలో కష్టంగానే గడిచింది. "మరీ అంతా? బజార్లో ఆరు వందలకే వస్తుందండీ!" అని ఒకావిడ వెళ్ళిపోయింది. ఏడాదినుంచీ కేకులు తీసుకుంటున్నవాళ్ళు ఇద్దరు మళ్ళీ రాలేదు. వదిన రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదని అమ్మడు చెప్పింది. పాత ధరకే ఇచ్చేద్దామా అని కూడా అనుకున్నదట. కాని నోటు పుస్తకం తెరిచి చూస్తే ఆ పదహారు రూపాయలు కనిపించేవి. వారానికి మూడు కేకులు చేసే చోట రెండే చేసింది. నెలాఖరుకు డబ్బా బోర్లిస్తే, అందులో ఏడాదంతా చూడనంత డబ్బున్నది. ఈసారి ఆ డబ్బాలోంచి కూరలకు ఒక్క రూపాయి కూడా తియ్యలేదు లెండి.

ఇంతవరకు చేసేవాళ్ళ న్యాయం చెప్పాను. కొనేవాళ్ళ న్యాయం కూడా చెప్పాలి గదా! వదిన మొట్టమొదటి ఏనుగును చెయ్యటానికి మూడు గంటలు పట్టింది. దానికి 300 అడగవచ్చునా? అడగకూడదని నేనంటాను. నేర్చుకోవటానికి పట్టిన అదనపు సమయం కొనేవాళ్ళ మీద వెయ్యటం సరి కాదు. బడిలో మీరు లెక్క మూడుసార్లు తప్పుచేసి నాలుగోసారి సరిగా చేస్తే మార్కులు నాలుగు రెట్లు వెయ్యరు! అట్లాగే కిలో అంటే కేకే కిలో ఉండాలి, కింది అట్టతో కలిపి తూచకూడదు. వెన్న వేశామని చెప్పి వనస్పతి వెయ్యకూడదు. గుడ్డు వేసినదీ లేనిదీ ముందే చెప్పాలి. ఇవి చెయ్యనివాళ్ళు తక్కువ ధరకు ఇచ్చినా అది ఎక్కువ ధరే.

ఒక్కొక్కప్పుడు లెక్క రాక కూడా పోట్లాట వస్తుంది. ఒకాయన వచ్చి, "6 అంగుళాల కేకు 450 అయితే 8 అంగుళాల కేకు 600 కావాలి కదండీ? ఆరుకు నాలుగు వందల యాభై, ఎనిమిదికి ఎంత?" అన్నాడు. చూడటానికి సరిగానే ఉన్నది. కాని కేకు జానెడు రిబ్బను కాదు గదా, అంగుళాల లెక్కన కొలవటానికి! గుండ్రటి కేకు సంగతి తెలియాలంటే వ్యాసార్థాన్ని దానితోనే హెచ్చించాలి. 6 అంగుళాలదానికి వ్యాసార్థం 3, మూడు మూళ్ళు 9. 8 అంగుళాలదానికి 4, నాలుగు నాలుగులు 16. ఎత్తు ఒకటే అయితే, 9 పాళ్ళ పిండి పట్టే చోట 16 పాళ్ళు పడుతుంది. అంటే ఇంచుమించు రెట్టింపు! నమ్మకం లేకపోతే గళ్ళ కాగితం మీద రెండు వలయాలు గీసి, గళ్ళు లెక్కపెట్టండి. అమ్మడు ఆయన ముందు అదే చేసింది. అయితే క్రీము అంత పెరగదు. పైభాగానికి 9కి 16 చొప్పున పెరిగినా, చుట్టూ ఉన్న గోడకు 3కు 4 చొప్పునే పెరుగుతుంది. ఇక ఏనుగా? చిన్న కేకు మీదా పెద్ద కేకు మీదా అదే ఏనుగు. దాని ధర మారనే మారదు. ఆయన నవ్వి, 8 అంగుళాలదే తీసుకున్నాడు.

రెండు కేకులు ఒకేసారి చేస్తే పని రెట్టింపు కాదని కూడా పుస్తకం చూస్తేనే తెలిసింది. సరుకులకు ఒకసారే పోతాం, పిండి ఒక గిన్నెలోనే కలుపుతాం, ఓవెన్ ఒకసారే వెలిగిస్తాం. అందుచేత శనివారం రెండు కేకులు ఒప్పుకుంటే రెంటికీ కాస్త కాస్త ధర తగ్గించటం మొదలుపెట్టింది వదిన. తగ్గించటానికి కూడా లెక్క తెలియాలి. అది తెలియనప్పుడు తగ్గించినది దానమో, భయమో ఆమెకే తెలిసేది కాదు.

కిందటి నెలలో ఒక కుర్రవాడు వచ్చాడు. అయిదో తరగతి ఉంటుందేమో. వాళ్ళ నాయనమ్మకు డెబ్బయి ఏళ్ళు నిండుతున్నాయిట. ఆవిడ తన పుట్టినరోజున కేకు ఎన్నడూ కొయ్యలేదట. వాడి డిబ్బీలో 320 రూపాయలున్నాయి. "ఇంతకు కేకు వస్తుందా అత్తా?" అని అడిగాడు.

నేనప్పుడు అక్కడే ఉన్నాను. వదిన ఊరికే ఇచ్చేస్తుందేమో అనుకున్నాను. పాత వదిన అయితే ఇచ్చేదే. కాని వాడు ఊరికే కావాలని రాలేదు, కొనుక్కోవటానికి వచ్చాడు.

వదిన వాణ్ణి కూర్చోబెట్టి, అమ్మడి చేత పుస్తకం తెప్పించింది. అరకిలో కేకుకు సరుకూ, పెట్టే, కరెంటూ, అరుగుదలా అన్నీ కలిసి 216. శనివారం ఇంకొక పెద్ద కేకు ఎట్లాగూ చేస్తున్నది గనక, దానితోపాటు చేస్తే ఈ కేకు మీద పడే తన పని 55 నిమిషాలు. దానికి 92. అంటే 308.

"మరి క్రీము పూయటానికి గంట పడుతుందిగా అమ్మా? దానికి డబ్బు చాలదు" అన్నది అమ్మడు.

"ఆ పని వీడు చేస్తాడు" అన్నది వదిన.

శనివారం సాయంత్రం వాడు తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. చేతులు మోచేతులదాకా కడిగించి, బల్ల ముందు నిలబెట్టారు. వదిన దగ్గర నిలబడి చెబుతుంటే, అట్లకాడ లాంటి రేకుతో వాడు గంటన్నర సేపు క్రీము పూశాడు. ఒక పక్క గుట్టగా, ఒక పక్క లోపలి కేకు కనిపించేటట్టు వచ్చింది. చివరకు గొట్టం మూతి ఉన్న సంచీ చేతికిస్తే, నాలిక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, "నాయనమ్మ" అని రాశాడు. మొదటి అక్షరాలు మరీ పెద్దవయినాయి. "మ్మ"కు పైన చోటు చాలక, అది అంచు దాటి కేకు పక్కకు దిగింది.

వాడు డిబ్బీ బల్ల మీద బోర్లించాడు. అమ్మడు రెండుసార్లు లెక్కపెట్టి, పన్నెండు రూపాయలు తిరిగి ఇచ్చి, పుస్తకంలో రాసుకున్నది.